బల్ల అడుగున మేస్త్రీ పేరు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళ దగ్గరపడితే జనమంతా ఒక్కచోటికే చేరుతారు. సంగీత గడియారంలోని బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లేదాకా కదలరు. తర్వాత మేలిముసుగు రెబెక్కా విగ్రహం, ఆ తర్వాత ఇంటిదారి. ఐరోపా కుర్చీలు, బల్లలు, అల్మారాలు పెట్టిన గదుల్లోకి గుమ్మం దగ్గర్నుంచే తొంగిచూసి, ‘సామానే కదా’ అని దాటిపోయేవాళ్లే ఎక్కువ. పావుగంట ఆగి చూడవలసిన గదులవి.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూడబెట్టిన సంపద ఆ మ్యూజియం. ఆయన పోయాక 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా తెరుచుకుంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అందులోని ఫ్రెంచ్ సామానులో 14, 15, 16వ లూయీల శైలులు, నెపోలియన్ కాలపు శైలి కనిపిస్తాయి. 1789లో ఫ్రెంచ్ విప్లవం రావడానికి ముందు నూటపాతికేళ్లలో పారిస్ వడ్రంగులు చెక్కపనిని ఎక్కడిదాకా తీసుకుపోయారో తెలియాలంటే తెలంగాణలో అంతకన్నా దగ్గరి తావు లేదు.

న్యాల్‌కల్, జహీరాబాద్ వైపు వాళ్లకైతే ఈ పని మరీ పరాయిదిగా తోచనక్కర్లేదు. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా న్యాల్‌కల్ సర్కిల్ బీదర్ తాలూకాలోనే ఉండేది. అప్పుడు గీసిన సరిహద్దుకు అవతల బీదర్ కోటలో రంగీన్ మహల్ ఉంది. 16వ శతాబ్దంలో అలీ బరీద్ షా కాలపు కట్టడంగా దానికి పేరు. లోపలి చెక్క స్తంభాలు, దూలాలు నగిషీతో నిండి ఉంటాయి. నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగిన తలుపు చట్రాలు ఇప్పటికీ తళుక్కుమంటాయి. అదే ఊళ్లో బిద్రీ పని పుట్టింది. జింకు, రాగి కలిపి పోత పోసిన పాత్రను గీసి, ఆ గీతల్లో వెండి తీగ కొట్టి, కోట మట్టితో నల్లబరిస్తే నలుపు మీద వెండి లత నిలుస్తుంది. ముదురు నేల మీద మెరిసే లోహాన్ని పొదగడమన్నది మన కళ్లకు అలవాటైన అందమే.

బీదర్ మేస్త్రీలు హుక్కా బుడ్లకు వెండి పొదుగుతున్న కాలంలోనే పారిస్‌లో ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) తాబేటి చిప్పలో ఇత్తడి పొదుగుతున్నారు. ఆయన పద్ధతి చూడండి. పలచని ఇత్తడి రేకునూ, వేడిచేసి చదును చేసిన తాబేటి చిప్ప పలకనూ ఒకదాని మీద ఒకటి పెట్టి బిగిస్తారు. పైన లత గీసిన కాగితం అంటించి, సన్న రంపంతో రెంటినీ ఒకేసారి కోస్తారు. విడదీస్తే ఒకే లత రెండు పదార్థాల్లో దొరుకుతుంది. ఇత్తడి లతను చిప్పలో కూర్చితే ఒక బీరువాకు తాపడమైంది. మిగిలిన చిప్ప లతను ఇత్తడిలో కూర్చితే దానికి జంట బీరువా తయారు. ఒకటి నలుపు మీద పసుపు, రెండోది పసుపు మీద నలుపు. ముక్క వృథా కాదు. 1672లో 14వ లూయీ రాజు ఆయనకు లూవ్ర్ భవనంలో నివాసమిచ్చాడు. అది గౌరవం మాత్రమే కాదు, ఆ గడప లోపల పనిచేసేవారి మీద నగరంలోని వృత్తి సంఘాల పెత్తనం చెల్లదు. చెక్క, లోహం రెండు పనులూ బూల్ ఒకే కప్పు కింద చేయించగలిగింది అందువల్లే.

ఆ పెత్తనం సంగతి తెలిస్తే గానీ ఫ్రెంచ్ సామాను అంత నాణ్యంగా ఎందుకు వచ్చిందో అర్థం కాదు.

పారిస్‌లో ఒక కుర్చీ ఒక మనిషి చేసేది కాదు. గట్టి కొయ్యను కోసి, చిత్రికపట్టి, కుర్చీలు, మంచాలు, గోడ పలకలు చేసేవారు మెన్యూజియేలు. చవకరకం కొయ్యతో పెట్టె కట్టి, దానిమీద ఖరీదైన కొయ్య పొరలు తాపడం చేసి బల్లలు, సొరుగుల బీరువాలు చేసేవారు ఎబెనిస్టులు. ఇద్దరిదీ ఒకే సంఘమైనా పని వేరు. కుర్చీ కాళ్ల మీద పూలు చెక్కేది శిల్పి. దానికి సుద్దపూత పూసి బంగారు రేకు అతికేది మరొకరు. దిండు కట్టి గుడ్డ బిగించేది ఇంకొకరు. బల్లకు కంచు అలంకారాలు పోత పోసే పనివారికి మళ్లీ వేరే సంఘం. ఒకరి పని ఒకరు ముట్టుకుంటే తగాదా. షార్ల్ క్రెసాన్ అనే గొప్ప ఎబెనిస్ట్ తన బల్లలకు కావలసిన కంచుపని తన దుకాణంలోనే చేయించుకున్నందుకు కంచుపనివారి సంఘం ఆయన మీద దావా వేసింది. ఈ కట్టడి ఎందరినో ఇబ్బంది పెట్టిన మాట నిజం. కానీ జీవితమంతా ఒక్క పనే చేసిన చెయ్యి ఎంత దూరం పోగలదో కూడా ఆ కట్టడే చూపించింది.

ఆ పనుల్లో అన్నిటికన్నా అన్యాయమైనది కంచుకు బంగారు పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, కంచు మీద పూసి నిప్పుల మీద కాస్తారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుంటుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, ఆయుష్షు తరిగేది. రాజుల గదుల్లో దీపం వెలుగుకు ధగధగలాడిన ప్రతి పువ్వు వెనుకా ఆ ఊపిరితిత్తులున్నాయి.

ఈ వ్యవస్థకు శిఖరం ఏదంటే వర్సాయ్ రాజభవనంలో ఇప్పుడున్న 15వ లూయీ రాతబల్ల పేరే చెబుతారు. 1760లో ఝాఁ ఫ్రాన్స్వా ఓబెన్ దాన్ని మొదలుపెట్టారు. ఆయన 1763లో పోయారు. ఆయన దగ్గర పనిచేసిన ఝాఁ ఆన్రీ రీజెనర్ 1769లో ముగించారు. తొమ్మిదేళ్ల పని. ముడుచుకుని లోపలికి పోయే గుండ్రటి మూత, ఒక్క తాళంచెవితో మూతా సొరుగులూ కలిసి తెరుచుకునే యంత్రం, పైన గడియారం, చుట్టూ రంగుకొయ్య ముక్కలతో పూలగుత్తులు. ఆకులకు నీడ రావడానికి కొయ్య ముక్క అంచును కాలిన ఇసుకలో గుచ్చి మాడ్చేవారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో కొయ్యకు అద్దకం వేసేవారు. ఈనాడు ఆ సామానంతా తేనెరంగులో ఒకేలా కనిపిస్తుంది. కొత్తలో అది పూలతోటలా ఉండేదన్న సంగతి చూసేవారు గుర్తుపెట్టుకోవాలి. రెండున్నర శతాబ్దాల ఎండ ఆ రంగుల్ని తినేసింది.

ఓబెన్, రీజెనర్ ఇద్దరూ జర్మన్ గడ్డ మీద పుట్టినవారే. పారిస్ తూర్పు శివారైన సెయింట్ ఆంత్వాన్ పేట అలాంటి వలస వడ్రంగులతో కిటకిటలాడేది. ఆ పేటలోనూ సంఘంలో చేరని పనివారు బతకగలిగే వెసులుబాటు ఉండేది. ఓబెన్ పోయాక ఆయన భార్య దుకాణం నడిపారు. వితంతువుకు ఆ హక్కు ఉండేది. తర్వాత ఆమె రీజెనర్‌ను పెళ్లి చేసుకున్నారు. 1768లో రీజెనర్ మేస్త్రీ పట్టా పొందేదాకా ఆ దుకాణంలోంచి వచ్చిన సామాను మీద పడింది ఓబెన్ ముద్రే.

ఈ ముద్ర దగ్గర కాస్త నిలబడాలి.

18వ శతాబ్దం మధ్యలో పారిస్ వడ్రంగుల సంఘం ఓ నియమం పెట్టింది. 1743లో రాసుకుని, 1751లో న్యాయస్థానం దగ్గర నమోదు చేయించిన కట్టుబాట్ల ప్రకారం ప్రతి మేస్త్రీ తాను చేసిన సామాను మీద తన పేరు ఇనుప అచ్చుతో కొట్టాలి. రాజాస్థానంలో పనిచేసేవారికి, ప్రత్యేక హక్కులున్న తావుల్లోని పనివారికి మినహాయింపు ఉండేది. పేరు కనపడే చోట కొట్టరు. బల్ల అడుగు చట్రం మీదో, చలువరాయి పలక ఎత్తితే కనిపించే అంచు మీదో, కుర్చీ సీటు కింది కొయ్య మీదో ఉంటుంది. సంఘం పెద్దలు దుకాణాలు తిరిగి తనిఖీ చేసి, పని బాగుంటే పక్కనే తమ ముద్ర వేసేవారు. కొన్నవారికి అది హామీ. చేసినవారికి మాత్రం, వారు ఊహించనంత కాలం నిలిచిన పేరు.

ఆ పేరు ఎంత పని చేసిందో ‘బి.వి.ఆర్.బి.’ ముచ్చట చెబుతుంది. 15వ లూయీ కాలపు అతి సున్నితమైన బల్లల అడుగున ఈ నాలుగక్షరాలే ఉండేవి. జపాన్ లక్క పలకలను కోసి వంపు తిరిగిన సొరుగుల మీద తాపడం చేయడంలో, సేవ్ర్ పింగాణీ పలకలు బల్లల్లో కూర్చడంలో ఆ చేతిని మించింది లేదని అందరూ ఒప్పుకున్నారు. మనిషి ఎవరో మాత్రం తెలియలేదు. 1957లో పాత దస్తావేజులు వెతికిన ఒక పరిశోధకుడు ఆ అక్షరాలు రెండో బెర్నార్ వాన్ రీసెన్‌బర్గ్‌వని తేల్చాడు. చనిపోయిన రెండు శతాబ్దాలకు దగ్గరగా ఒక వడ్రంగికి తన పేరు తిరిగి దక్కింది. నాలుగక్షరాల ఇనుప అచ్చు లేకపోతే ఆ వెతుకులాట మొదలే అయ్యేది కాదు.

ఇక భోజనాల గది. తెలుగు పాఠకులకు ఇక్కడ ఓ వింత ఎదురవుతుంది. అంత పనితనం చూపిన ఆ దేశంలో చాలాకాలం పాటు భోజనాల బల్ల అనేది ఒక స్థిరమైన సామానే కాదు. ఈనాడు మన ఫంక్షన్ హాళ్లలో మడత కాళ్ల మీద పలక పెట్టి, పైన గుడ్డ పరిచి బంతులు వేసినట్టే అక్కడా ముక్కాలి కొయ్యల మీద పలకలు పరిచేవారు. నేల దాకా జారే తెల్లటి గుడ్డ కప్పేవారు. రాజు ఏ గదిలో తినాలనుకుంటే ఆ గదిలోకి బల్ల వచ్చేది, తిన్నాక పోయేది. గుడ్డ కింద దాక్కునే పలకకు తాపడమెందుకు?

ప్రత్యేకంగా భోజనానికే ఓ గది అన్న అలవాటు 18వ శతాబ్దంలో పారిస్ సంపన్నుల ఇళ్లలో కుదురుకుంది. వర్సాయ్‌లో 15వ లూయీ తన సొంత నివాస భాగంలో, వేట నుంచి తిరిగొచ్చి మిత్రులతో తినడానికి 1750లో ఒక భోజనశాల ఏర్పాటు చేసుకున్నాడు. రాజూ రాణీ కొలువు ముందు బహిరంగంగా తినే ఆచారం ఇంకా సాగుతూనే ఉంది. అక్కడ డచెస్‌లకు పీట దొరికేది, తక్కినవారు నిలబడి చూడవలసిందే. నలుగురు స్నేహితులతో, ఎవరూ చూడని చోట తినాలన్న కోరిక రాజుకూ కలిగింది. ఆ కోరికే భోజనాల గది సామానును పుట్టించింది.

వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి కాక, ఒక్కో విడతకు పదీ ఇరవై పాత్రలు ఒకేసారి బల్ల మీద వరసగా, ఇటూ అటూ సమంగా అమర్చేవారు. గ్లాసులు మాత్రం బల్ల మీద ఉండేవి కావు. దాహమైతే సేవకుణ్ణి పిలవాలి. అతను పక్కబల్ల మీద చల్లబరిచిన ద్రాక్షసారా తెచ్చి, తాగాక గ్లాసు పట్టుకుపోతాడు. అంటే ప్రతి కుర్చీ వెనకా ఓ మనిషి, ప్రతి మాటకూ రెండు చెవులు. రాజకీయం, ప్రేమ, అప్పులు మాట్లాడుకునే విందులో అది ఇబ్బందే. దీనికి జవాబు ఓ వడ్రంగి ఇచ్చారు. కనబాస్ అని పేరు పెట్టుకున్న జోసెఫ్ గెగెన్‌బాక్ చిన్న చక్రాల బల్లలు చేయడంలో దిట్ట. పైన చలువరాతి పలక, అందులో సీసాలు దిగేలా లోహపు తొట్లు, కింద పళ్లేలు పెట్టుకునే అరలు. ఇవి ఒక్కో అతిథి పక్కన పెట్టి, సేవకులు తలుపు వేసుకుని పోవచ్చు. అలంకారం లేని మహాగని కొయ్యతో చేసిన ఆ బల్లలు ఈనాటి ఇళ్లలోనూ ఇమిడిపోతాయి. రాజభవనాల బంగారు సామాను కన్నా వీటిని చూస్తేనే ఆ వడ్రంగుల తెలివి ఎక్కువ అర్థమవుతుంది.

రాజుగారు ఇంకా ముందుకు పోయాడు. ష్వాజీ భవనంలో నేల తెరుచుకుని, కింది వంటశాల నుంచి వంటకాలతో సహా బల్ల పైకి లేచే యంత్రం పెట్టించాడు. పెటి త్రియనాన్ భవనానికీ అలాంటిదే లోరియో అనే ఇంజినీరు రూపొందించాడు గానీ అది అమర్చలేదు.

గది మిగతా అమరికంతా శుభ్రత చుట్టూ తిరిగింది. నేలకు రాతిపలకలు, గోడలకు చెక్క లేదా గచ్చు. గుడ్డకు కూర వాసన పట్టేస్తుందని తెరలు, దిండ్లు తక్కువ. కుర్చీలకు తోలో, పేము అల్లికో. గోడ వారన చలువరాతి పలకలున్న వడ్డన బల్లలు. చేతులు, గ్లాసులు కడగడానికి గోడకే ఓ నీటి తొట్టి. 1770, 80లలో ఇంగ్లండు మోజు తగిలాక మధ్యలో పలకలు చేర్చి పొడిగించే మహాగని బల్లలు వచ్చాయి. ఝార్ఝ్ ఝాకోబ్ (1739–1814) వంటి కుర్చీల మేస్త్రీలు మహాగనితో కుర్చీలు చేసి కొత్త దారి చూపారు. ఆ మహాగని కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా బానిసల చెమట మీద ఓడ దిగేదన్న సంగతి ఈ అందం పక్కనే చెప్పి తీరాలి.

ఆ సామానులో మన వైపు సరుకూ ఉంది. పేము తూర్పు దేశాలది. నల్లచేవ కొయ్య దక్షిణ భారతం, సింహళం, మడగాస్కర్ వైపు నుంచి పోయేది. చైనాలో చేసిన పెద్ద పెద్ద లక్క తెరలు మన తూర్పు తీరపు రేవుల మీదుగా ఐరోపాకు చేరేవి కాబట్టి వాటికి అక్కడ కోరమాండల్ లక్క అన్న పేరే స్థిరపడింది. వాన్ రీసెన్‌బర్గ్ లాంటివారు ఆ తెరల్ని కోసి బీరువాలకు తాపడం చేశారు. మచిలీపట్నంలో ఫ్రెంచివారు 1669లోనే వర్తకశాల పెట్టారు. ఆ తీరంలో అద్దిన పూల గుడ్డలంటే పారిస్‌కు ఎంత పిచ్చి పట్టిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని 1686లో ఆ దేశం అద్దకం గుడ్డల్ని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం సాగింది. సాగినంత కాలం దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. కుర్చీల మీద, మంచాల తెరల్లో వెలుస్తూనే ఉన్నాయి.

అంతకన్నా పెద్ద సంగతి విశాఖపట్నంలో జరిగింది.

పారిస్‌లో వడ్రంగులు పేరు కొట్టాలన్న నియమం రాసుకుంటున్న ఆ రోజుల్లో విశాఖ కంసాలులు గులాబీ కొయ్య, టేకు, నల్లచేవల్లో ఏనుగు దంతం పొదిగి ఇంగ్లిషు వర్తకులకు బల్లలు, కుర్చీలు, రాత పెట్టెలు, అద్దాల బీరువాలు చేస్తున్నారు. కొయ్య, దంతం, రేవులో కొనేవాడు. మూడూ ఒకేచోట కలిసిన ఊరది. దంతపు పలకను లత ఆకారంలో కోసి కొయ్యలో కూర్చుతారు. ఆపైన ఉలితో సన్నని గీతలు గీసి, వాటిలో నల్లటి లక్క నింపి తుడుస్తారు. తెల్లటి పువ్వులో ప్రతి రేకుకూ నల్లటి ఈనె తేలుతుంది. అంచుల్లో తిరిగే ఆ పూలతీగలు అదే తీరపు అద్దకం గుడ్డల మీద తిరిగే తీగలే. తర్వాతి దశలో పొదగడం దాటి, పెట్టె మొత్తానికీ దంతపు పలకలు తాపడం చేసి, దాని మీద భవనాలు, చెట్లు గీయడం మొదలైంది. 1756లో అక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే ఇంగ్లిషు సైనికాధికారి ఈ పొదుగుడు పనిని ఎంతగానో మెచ్చుకుంటూ రాశాడు. ఆ మరుసటి ఏడాదే, 1757లో, ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను పట్టుకున్నాడు. హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ 1753లో ఉత్తర సర్కార్లను ఫ్రెంచివారికి ఇచ్చినప్పటి నుంచి ఆ తీరం మీద బుస్సీ చూపు ఉంది. 1759లో ఇంగ్లిషువారు మచిలీపట్నం గెలవడంతో ఆ అధ్యాయం ముగిసింది. ఆ తర్వాత విశాఖ పనికి ఇంగ్లిషు ఇళ్లే ఇళ్లు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దంతపు కుర్చీల్ని 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జ్ వేలంలో కొని రాణికిచ్చాడు. అవి నేటికీ అక్కడి రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి.

సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ దంతపు కుర్చీలున్నాయి. 16వ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని మ్యూజియం చెబుతుంది. టిప్పు రాయబారులు 1788 ఆగస్టులో వర్సాయ్‌లో లూయీని కలిసిన మాట చరిత్రలో ఉంది. ఆ కాలంలో దంతం తొడిగిన కుర్చీలకు పేరుపడ్డవి మాత్రం విశాఖ, ముర్షిదాబాద్ వంటి భారతీయ కేంద్రాలు. ఆ కుర్చీల ముందు నిలబడే తెలుగువారు ఈ రెండు సంగతుల్నీ కలిపి తలచుకోవాలి.

పనితనంలో విశాఖ పారిస్‌కు ఎందులో తీసిపోయింది? వంపులు, యంత్రాలు, కంచు పోతలు వారివి. దంతపు గీతలో సున్నితత్వం మనది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గరుంది. అసలు తేడా బల్లను తిరగేస్తే తెలుస్తుంది. అక్కడ ఓబెన్, రీజెనర్, ఝాకోబ్. ఇక్కడ 18వ శతాబ్దపు పెట్టెల అడుగున కంసాలి పేరుండదు. వేలం పత్రాల్లో, మ్యూజియం చీటీల్లో ‘విశాఖపట్నం, సుమారు 1770’ అని ఊరి పేరుంటుంది, లేకపోతే కొన్న దొర పేరుంటుంది. వించ్ కుర్చీలంటారు గానీ చేసినవారి కుర్చీలనరు. మనవాళ్లకు గుర్తింపు మీద ఆశ లేదని, అది మన సంస్కృతి అని చెప్పడం తేలిక. అది సరికాదు. మన నేల మీద శాసనాల్లో పేరు చెక్కించుకున్న శిల్పులున్నారు. పారిస్‌లో సంఘానికి బలముంది, నియమముంది, తనిఖీ ఉంది. విశాఖలో పనివాడికీ కొనేవాడికీ మధ్య దుబాసీ ఉన్నాడు, ఈస్టిండియా కంపెనీ ఉంది. పేరు నిలవాలంటే దాన్ని నిలబెట్టే ఏర్పాటు కావాలి.

పారిస్ ఏర్పాటూ కలకాలం సాగలేదు. 1789 జులై 14న బాస్తీల్ కోట మీద పడ్డ జనంలో దాని పక్కనే ఉన్న సెయింట్ ఆంత్వాన్ పేట వడ్రంగులు ఎందరో ఉన్నారు. రాజులకు సామాను చేసిన పేటే రాజు మీద తిరగబడింది. 1791లో వృత్తి సంఘాలు రద్దయ్యాయి. వాటితోపాటు ముద్ర కొట్టాలన్న నియమమూ పోయింది. 1793 ఆగస్టులో వర్సాయ్ సామాను వేలం మొదలై ఏడాది పాటు సాగింది. మొత్తం 17,182 పాటలు. రీజెనర్ తాను చేసిన కొన్ని బల్లల్ని తానే పాడుకున్నారు, మళ్లీ మంచి ధర వస్తుందని. రాలేదు. కొనగలిగినవారంతా దేశం వదిలిపోయారు, మిగిలినవారి అభిరుచి మారిపోయింది. 1806లో ఆయన పోయేనాటికి పాత వైభవం ఏమీ మిగల్లేదు. ఝాకోబ్ అదృష్టవంతుడు. విప్లవకారుల్లో పలుకుబడి ఉన్న చిత్రకారుడు దవీద్ ఆయన్ను కాపాడాడు. దుకాణం కొడుకుల చేతికి వెళ్లి నెపోలియన్ కాలంలోనూ నిలిచింది.

19వ శతాబ్దంలో పాత శైలికి మళ్లీ గిరాకీ లేచింది. పారిస్ కార్ఖానాలు లూయీల కాలపు నమూనాలతో కొత్త సామాను తయారు చేసి ప్రపంచమంతా అమ్మాయి. మన నవాబులు, జమీందార్లు కొన్న ‘లూయీ’ సామానులో ఇలాంటివి చాలానే ఉంటాయి. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో ఒకేసారి 101 మంది కూర్చోగల బల్ల కూడా ఆ 19వ శతాబ్దపు చివరి మోజు కాలానిదే.

మ్యూజియంలో ఏది ఏ కాలపు శైలో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాళ్లు వంపు తిరిగి, ఎక్కడా సూటి గీత లేకుండా, పూలూ గవ్వలూ ఒకవైపు ఎక్కువగా ఒరిగి ఉంటే అది 15వ లూయీ శైలి. కాళ్లు నిటారుగా, కిందికి సన్నబడుతూ, నిలువు గాళ్లతో ఉంటే 16వ లూయీది. విప్లవానికి ముందు చేసిందా, తర్వాత వచ్చిన నకలా అని తేల్చడమే కష్టం. చేతిరంపంతో కోసిన పాత తాపడపు పొర మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. యంత్రం కోసింది కాగితంలా పలచన. సొరుగు అడుగు, వెనక పలక వంటి కనపడని చోట్ల చిత్రిక జాడలుండాలి. ముద్ర ఒక్కటే చూసి నమ్మడానికి లేదు, దొంగ ముద్రలూ పుష్కలం. వర్సాయ్ మ్యూజియమే 18వ శతాబ్దపువని నమ్మి కొన్న కొన్ని కుర్చీలు నకిలీవని 2016లో బయటపడింది. చేసింది పాత పనిలో ఆరితేరినవారే కాబట్టి నిపుణులూ మోసపోయారు.

విశాఖ దంతపు పని ఇప్పుడు లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలు దంతం వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాయి. ఏనుగు ప్రాణం ఏ పెట్టె కన్నా విలువైనది. కానీ కొయ్యపని, పొదుగుడు పని మన మధ్యే ఉన్నాయి. బీదర్‌లో బిద్రీ మేస్త్రీలున్నారు. నిర్మల్‌లో, ఏటికొప్పాకలో, కొండపల్లిలో కొయ్యతో బతికే కుటుంబాలున్నాయి. వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఊరి పేరు భద్రమైంది. మేస్త్రీ పేరు ఇంకా కాలేదు. ప్రభుత్వ విక్రయశాలలు తలచుకుంటే ప్రతి వస్తువు అడుగున చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం ఉండాలన్న నిబంధన పెట్టవచ్చు. అందుకు అయ్యే ఖర్చు ఒక అచ్చు ముక్క. అది వచ్చేదాకా కొనేవాళ్లే ఆ పని చేయాలి. బీదర్‌లో బిద్రీ గిన్నె కొన్నా, జహీరాబాద్‌లో వడ్రంగి చేత పెళ్లి మంచమో, భోజనాల బల్లో చేయించినా, డబ్బు ఇచ్చే ముందు దాన్ని తిరగేసి, ఆ మేస్త్రీ చేతనే అడుగున ఆయన పేరు రాయించుకోండి.